అచ్చుల కంపెనీ పోయాక అబియోనా

మా ఇగ్బో-ఓరా ఊరి సంగతి తెలియనివాళ్ళు పెళ్ళికి ఒక్కరిని పిలిచి, ఇద్దరొచ్చేసరికి తల పట్టుకుంటారు. ఇక్కడ కవలలు లేని గుమ్మం ఉందంటే ఆ ఇంట్లో మనుషులే లేరని లెక్క. మేకల దొంగని పట్టుకున్నా లాభం లేదు. "నేను కాదు బాబోయ్, మావాడు" అంటాడు. వాడి జంటని పట్టుకొస్తే "నేను కాదు, వాడు" అంటాడు. చివరికి మేకే ఎవరింటికో చుట్టపుచూపుగా వెళ్ళిందని పెద్దలు తేలుస్తారు. ఒకసారి బజార్లో లారీ కింద పడ్డ కోడిపెట్ట దుమ్ము దులుపుకుని లేచేసరికి రెండయిందట. నేను చూళ్ళేదు. చూసినవాణ్ణి చూశాను, ఆ పూట వాడు తాగి లేడు కూడా.

ఇదంతా మా బెండాకు పులుసు మహిమ అంటారు ముసలాళ్ళు. ఆ పులుసు కాయడంలో అబియోనాని మించిన చెయ్యి ఊళ్ళో లేదు. అబియోనా అంటే దారిలో పుట్టినది అని అర్థం. నిజంగానే ఆమెని తల్లి చేనుకి పోతూ లారీలో, కర్రపెండలం మూటల మీద కన్నది. పుట్టడమే కుదుపుల మీద పుట్టింది కాబట్టి తర్వాత ఏం కుదిపినా పడిపోలేదని ఊళ్ళో అనేవారు. బజారు మలుపులో రేకుల కొట్టు, మూడు రాళ్ళ పొయ్యి, పొయ్యి మీద, మేం అన్నంలా తినే అమలా ముద్ద కలిపే తెడ్డు పట్టుకుని ఆమె. కవలలెవరైనా తినడానికొస్తే వాళ్ళ ముందు చేపని విరిచే తీరు చూడాలి. తలలో సగం ఇటు, సగం అటు. కన్ను ఒకటి ఇటు, ఒకటి అటు. ఎవరి వంతు పెద్దదో దేవుడొచ్చినా చెప్పలేడు.

అది ఆమె ఒక్కదాని పట్టుదల కాదు, మా ఊరి పద్ధతి. కవలల్లో ఒకరికి పెట్టింది ఇంకొకరికి పెట్టాలి. ఒకదానికి గౌను కుట్టిస్తే రెండోదానికి అదే గుడ్డలోంచి కుట్టించాలి. తేడా చేశారా, చిన్నబుచ్చుకున్నది అలిగి వచ్చిన దారినే వెళ్ళిపోతుంది, పోతూ పోతూ జంటని కూడా పిలుచుకుపోతుంది. ఇంకో సంగతి. కవలల్లో ముందు బయటికొచ్చేది తాయే, వెనకొచ్చేది కెహిండే. వెనకొచ్చిందే పెద్దది. లోకం ఎలా ఉందో రుచి చూడమని చిన్నదాన్ని ముందు తోస్తుంది. అది కేరుమని ఏడ్చి, బాగానే ఉంది రమ్మని కబురు పెడితే, అప్పుడు తాపీగా వస్తుంది పెద్దది. ముందు పరిగెత్తేవాడు చిన్న, వెనక నించుని తోలేవాడు పెద్ద. ఇందులో వింతేముంది, మీ ఆఫీసుల్లో మాత్రం ఇంకోలా జరుగుతోందా?

అబియోనాకీ ఒక తాయే, ఒక కెహిండే పుట్టారు. ఇద్దరికీ ఒకటే జబ్బు. రక్తంలో గుండ్రంగా తిరగాల్సినవి వంకర తిరిగి ఎముకల సందుల్లో ఇరుక్కుంటాయి, అప్పుడు పిల్ల ఒళ్ళంతా విరిచినట్టు అరుస్తుంది. కెహిండే మూడో ఏట పోయింది. బొమ్మలు చెక్కే లసిసి ముసలాయన ఒక మంచి కొయ్య దుంగ పట్టుకుని వచ్చాడు.

"చెక్కి ఇస్తానమ్మా. స్నానం చేయించు, తినిపించు, తాయే పక్కన పడుకోబెట్టు. జంట దగ్గరే ఉందనుకుని ఇది ఉండిపోతుంది" అన్నాడు.

"కొయ్య నమలదు మామా" అంది అబియోనా.

అవి ఊళ్ళోకి కంపెనీ కొత్తగా వచ్చిన రోజులు. మనిషి నుంచి మనిషిని అచ్చుగుద్దినట్టు తీస్తామని వచ్చిన కంపెనీ. ఇంకో ఊరైతే రాళ్ళతో కొట్టేవారు. మా ఊరు కదా, ఒకేలాంటి మొహాలు రెండు చూసి జడుసుకునేవాడెవడు? అందుకే ఇక్కడే పెట్టారు. జనం దానికి అచ్చుల కంపెనీ అని పేరు పెట్టేశారు. అబియోనా తాయే చెయ్యి పట్టుకుని వెళ్ళింది. తాయే బుగ్గ లోపల గీరి, ఆ గీరిన దాంట్లోంచి ఇంకో పిల్లని తీస్తామన్నారు. తెల్ల కోటు కుర్ర డాక్టరు ఒకటే మాట చెప్పాడు.

"రక్తంలో తప్పుందమ్మా. కొత్త పిల్లకి దిద్దేస్తాం. జబ్బు ఉండదు."

"మరి తాయేకి?"

"పుట్టినవాళ్ళకి దిద్దలేం."

"అయితే వద్దు."

డాక్టరుకి చెవులు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో అనుమానం వచ్చింది. "వద్దా?"

"ఒకదానికి ఇనప ఎముకలు, ఒకదానికి మట్టి ఎముకలూనా? ఇది చూస్తూ ఊరుకుంటుందా? అలిగి పోదూ? దీనికి లేనిది దానికి వద్దు. ఉన్నది ఉన్నట్టు తియ్యి."

"అమ్మా, ఇంకోసారి ఆలోచించండి."

"నువ్వు ఏ ఊరివాడివి నాయనా?" అంది అబియోనా, జాలిగా.

బయటికొచ్చి ఈ మాట చెప్తే బజారంతా మెచ్చుకుంది. తల్లంటే అలా ఉండాలి అన్నారు. మా ఊళ్ళో ఏ కవలలమ్మని అడిగినా ఆ జవాబే చెప్పేది.

ఇదీ మొదటి భాగం. దీన్ని ఊళ్ళో ఎవరైనా చెప్తారు, కల్లు పోయిస్తే ఏడుస్తూ చెప్తారు, చివర్లో గాజు కుండలోంచి పిల్లని తీసి తల్లి చేతిలో పెట్టగానే ఆపేస్తారు. అక్కడ ఆపితే ఎవరికైనా బాగానే ఉంటుంది. నేను చెప్పేది దాని తర్వాతది.

*

కంపెనీ ఒక తెల్లారి చూస్తే లేదు. తలుపులకి తాళాలు, కాపలావాడికి కూడా చెప్పలేదు. ఇప్పుడా భవనంలో కర్రపెండలం పిండి బస్తాలున్నాయి. పిల్లల్ని పెంచిన గాజు కుండల్ని ఎవరో ఆవిడ కొనుక్కుని పులుసులో వేసే 'ఇరు' అనే గింజలు పులియబెడుతోంది. బాగా పులుస్తున్నాయట.

రెండో కెహిండేకి పన్నెండేళ్ళొచ్చాయి, తాయేకి పదహారు. నాలుగేళ్ళు వెనక పుట్టినా వెనకొచ్చింది కాబట్టి పెద్దరికం కెహిండేది. ఆ పెద్దరికాన్ని అది అణాకాణీ కూడా వదులుకునే రకం కాదు. కొట్టుకొచ్చేవాళ్ళు సగం మంది పులుసు కోసం వస్తే, సగం మంది వీళ్ళ గొడవ వినడానికి వచ్చేవారు.

"చెల్లీ, నీళ్ళు పట్రా."

"నీకు చేతుల్లేవా?"

"'నీకు' ఏంటే? అక్కా అను."

"పన్నెండేళ్ళ అక్కా! ముందు ముక్కు తుడుచుకో."

"నేను పంపితే వచ్చిన మొహానివి నువ్వు. రుచి చూసి కబురు పెట్టవే అంటే నాలుగేళ్ళు కూచుని తిన్నావు. నీ బద్ధకం వల్లే నేను పొట్టిగా ఉన్నాను."

"నిన్ను కుండలో పులియబెట్టార్లే, అందుకే పుల్లగా మాట్లాడతావు."

"అమ్మా! చూడు, పెద్దంతరం చిన్నంతరం లేకుండా!"

"తాయే, అక్కకి నీళ్ళివ్వు" అనేది అబియోనా తెడ్డు తిప్పుతూనే. జనం పొట్టలు పట్టుకునేవారు. తాయే గొణుక్కుంటూ వెళ్ళి రెండు చెంబులు తెచ్చేది. ఒకటి తెస్తే పద్ధతి కాదు కదా.

జబ్బు ఇద్దరికీ ఉన్నా మందుండేది. రోజుకో మాత్ర వేసుకుంటే రక్తం వంకర తిరగదు. ఆస్పత్రిలో మొరౌంకే సిస్టర్ చెక్క బీరువా తీసి, తాయేకో పొట్లం, కెహిండేకో పొట్లం కట్టి, తలమీదో మొట్టికాయ కూడా ఇచ్చి పంపేది. ఆ తర్వాత రాజధాని నుంచి పెట్టె వచ్చింది.

బీరువా అంత పొడుగు, లోపల అన్ని మందులూ. వేలు పెడితే చురుక్కుమని గుచ్చి, రక్తం నాకి, నువ్వెవరో, నీ జబ్బేమిటో, నీ వంతు మందేమిటో చెప్పి కింద తొట్టిలోకి జారుస్తుంది. మాట కూడా మాట్లాడుతుంది, ఇంటి పెద్దకోడలిలా మెత్తగా. మొదట్లో జనం నవ్వారు. తర్వాత దానికి దణ్ణం పెట్టారు. చివరికి దాన్ని అడక్కుండా ఏదీ చెయ్యలేని స్థితికొచ్చారు. అడిగున్ అనే ముసలాయన తనకి ఆకలి వేస్తోందో లేదో పెట్టెని అడిగి గానీ అమలా ముట్టుకునేవాడు కాదు. ఒకావిడ నొప్పులు పడుతూ, పెట్టె ఇంకా చెప్పలేదు కదా అని వరసలో నించుని వరసలోనే కనేసింది. కవలల్నే అనుకోండి. మొరౌంకే సిస్టర్‌కి పెట్టె మీద దుమ్ము తుడవడం తప్ప పని లేకుండా పోయింది. బీరువా తాళం చెవి ఎక్కడ పెట్టిందో ఆమే మర్చిపోయింది. బీరువాలో ఏమీ లేదు కూడా.

అబియోనా ఇద్దర్నీ తీసుకెళ్ళింది. తాయే వేలు పెట్టింది. పొట్లం జారింది. కెహిండే వేలు పెట్టింది.

"మీ వంతు తీసుకున్నారు" అంది పెట్టె. "వచ్చే వారం రండి. ఆరోగ్యంగా ఉండండి."

"అది మా చెల్లి తీసుకుంది! నాది నాకివ్వు" అని కెహిండే దాని పొట్టలో ఒక్కటి గుద్దింది.

"మీ వంతు తీసుకున్నారు."

రక్తం ఒకటే కదా. పెట్టెకి కనబడేది రక్తమే. దాని లెక్కలో వాళ్ళిద్దరూ ఒక్కతే పిల్ల, ఆ పిల్లకి ఆశెక్కువై రెండోసారి వచ్చింది. మామూలు కవలలకీ ఈ తిప్పలొచ్చాయి కానీ, పుట్టినప్పుడు రాయించిన జనన పత్రాలు చూపించి విడదీయించుకున్నారు. కెహిండే పుట్టినట్టు రాసిచ్చింది కంపెనీ. ఆ కంపెనీయే లేదన్నాక దాని కాగితానికి విలువేముంది?

"సిస్టరమ్మా, నీ కళ్ళతో చూస్తున్నావుగా! ఇద్దరు లేరూ? ఇది చూడు, ఇది పొట్టి. ఇది చూడు, ఇది పొడుగు" అంది అబియోనా.

"చూస్తున్నానే తల్లీ. నాకు కనపడి ఏం లాభం? మందు దాని కడుపులో ఉంది, నా చేతిలో ఉందా?" సిస్టర్ కళ్ళు తుడుచుకుంది. "ఒకటి చెప్తా విను. సగం సగం చెయ్యకు. సగం మాత్ర సగం పని చెయ్యదు. అసలేం చెయ్యదు. వంద మంది లాగాల్సిన పడవని యాభై మంది లాగితే సగం దూరం కదులుతుందా? కదలదు."

"మరేం చెయ్యమంటావు?"

సిస్టర్ కెహిండే వంక ఒకసారి చూసి తల దించుకుంది.

అబియోనా ఇంటికొచ్చి చేపలు తరిగే కత్తిని బాగా కడిగి, మాత్రని పలక మీద పెట్టి, రెండు ముక్కలు చేసింది. ఎంత సమంగా అంటే, రాలిన పొడి కూడా వేలితో రెండు గీతలుగా విడదీసింది. ఒకటి తాయే నాలుక మీద, ఒకటి కెహిండే నాలుక మీద. రోజూ అంతే.

నెల తిరిగేసరికి తాయే కళ్ళు పచ్చబడ్డాయి. కెహిండే బజారు మలుపు దాకా నడిచి కూలబడేది, "చెల్లీ, ఎత్తుకో" అని చెయ్యి చాచేది, ఎత్తుకునే ఓపిక తాయేకి లేదు. ఇద్దరూ అక్కడే దుమ్ములో కూచుని ఒకళ్ళనొకళ్ళు తిట్టుకునేవారు.

అబియోనా తమ్ముడు రాజీ లారీ నడుపుతాడు. వాడు నడిపిన దూరాల కంటే చెప్పిన దూరాలు పెద్దవి. "అక్కా, ఈ డబ్బాగాడి సంగతి నాకొదిలెయ్. సరిహద్దులో ఇలాంటివాటిని ఎన్నింటిని బోల్తా కొట్టించానో!" అన్నాడు. ఏం చేశాడంటే, మేక రక్తం చిన్న తిత్తిలో పోసి వేలికి తొడిగి, పైన నల్ల రంగు రాసి, కెహిండే పక్కన దర్జాగా వెళ్ళి వేలు పెట్టాడు. కెహిండే రక్తం చుక్క కూడా కలిపాడట, అదీ వాడి తెలివి.

పెట్టె కాసేపు ఆలోచించింది. "మీ జబ్బుకి ఇక్కడ మందు లేదు" అంది మెత్తగా. "పశువుల ఆస్పత్రికి వెళ్ళండి. మీరు గర్భంతో ఉన్నారు."

ఊరంతా నవ్వింది. రాజీని ఇప్పటికీ ఎప్పుడీనుతావని అడుగుతారు. ఆ రోజు అబియోనా కూడా నవ్వింది, కెహిండే అయితే నవ్వి నవ్వి పక్కటెముకలు పట్టుకుని కింద కూచుంది. ఆ నవ్వుకే నొప్పి మొదలై మూడు రోజులు లేవలేదు.

ఇక లాభం లేదని అబియోనా ఇబాడాన్ వెళ్ళింది. పెట్టెల్ని నడిపే పెద్దాఫీసు గుమ్మంలో కూచుంది. లోపలికి పంపరు, బయటికి తొయ్యలేరు. గుమ్మంలోనే పొయ్యి పెట్టి పులుసు కాచిందని ఊళ్ళో చెప్తారు, అది నేను కల్పించింది కాదు. చివరికి ఎవరో వచ్చి ఆమె మొర విన్నారు. నాకు ఇద్దరు పిల్లలు, ఒకటే రక్తం, ఇద్దరికీ మందు కావాలి అని చెప్పింది. ఎవర్నైనా పంపిస్తాం, వచ్చి చూస్తారు అన్నారు. ఎప్పుడని అడిగితే, పెట్టె చెప్తుంది అన్నారు.

*

ఉత్తరం నుంచి ఎడారి పొడిగాలి దిగింది. ఆ గాలికి మామూలు మనుషుల పెదాలే చిట్లుతాయి. ఈ జబ్బువాళ్ళకి రక్తం చిక్కబడి ఎముకలు కొరుక్కుతింటుంది. ఇద్దరూ ఒకే చాప మీద పడ్డారు. అబియోనా కొట్టు మూసేసింది. మొరౌంకే సిస్టర్ ఇంటికే వచ్చి ఇద్దరి కళ్ళూ గోళ్ళూ చూసి బయటికి పిలిచింది.

"ఇలాగే సగాలు పెడితే వారం తిరక్కుండా ఇద్దరూ పోతారు. నా మాట విను. ఒకదానికి మొత్తం పెట్టు."

"దేనికి?"

"అది నన్నడక్కు."

"ఎవర్నడగను? పెట్టెనా?"

సిస్టర్ వెళ్ళిపోయింది. అబియోనా లోపలికొచ్చింది. కత్తి తీసింది, మాత్ర తీసింది. ఎప్పట్లాగే తరిగింది. వేరేగా ఎలా చెయ్యాలో ఆ చేతులకి తెలియదు. తాయే తన ముక్క మింగింది. కెహిండే పెదాలు బిగించింది.

"నోరు తెరువు."

తల అడ్డంగా ఊపింది.

"తెరవ్వే, నా తల్లి కదూ."

"చెల్లికి పెట్టు" అంది పళ్ళ సందులోంచి.

"అమ్మా, దానికే పెట్టు, అదే ఎక్కువ మూలుగుతోంది" అంది తాయే.

"నువ్వు మధ్యలో మాట్లాడకు. చిన్నదానివి." కెహిండేకి ఊపిరి అందడం లేదు, అయినా అధికారం తగ్గలేదు. "సిస్టరన్నది నేను విన్నాను. గోడ పలచనే కదా. పెద్దదాన్ని నేను. నేను చెప్తున్నాను. అది తినాలి."

అబియోనా ఏం చేసిందంటే, పిల్ల దవడలు రెండు వేళ్ళతో నొక్కి, నోరు తెరిచి, ముక్క లోపల పెట్టబోయింది. కెహిండే ఆ వేలు కొరికింది. ఊరికే కాదు, ఎముక తగిలేదాకా కొరికింది. తల్లి కెవ్వుమని చెయ్యి లాక్కునేసరికి ముక్కని తాయే మీదికి ఉమ్మేసింది. అది తాయే మెడ గుంటలో పడింది.

"తినవే" అంది కెహిండే. "తినకపోతే మళ్ళీ నీ వెనకాల రాను. ఎప్పటికీ రాను."

తాయే ఏడుస్తూ తినేసింది. అది భయపడి తిన్నదో, బతకాలని తిన్నదో అబియోనా ఎప్పుడూ అడగలేదు. మర్నాడు మళ్ళీ అంతే, ఆ మర్నాడూ అంతే. కత్తితో తరుగుతుంది, కెహిండే పళ్ళు బిగిస్తుంది, రెండు ముక్కలూ తాయే లోపలికి పోతాయి. తాయే కళ్ళల్లో పచ్చదనం తగ్గుతూ వచ్చింది. దాని పక్కనే, అదే మొహం ఇంకోటి, బూడిద రంగుకి తిరుగుతూ వచ్చింది. మధ్యలో ఒకసారి కెహిండే నీళ్ళడిగింది. తాయే లేచి తెచ్చింది, పరిగెత్తుకుంటూ తెచ్చింది. అలా పరిగెత్తగలుగుతున్నందుకు గుమ్మంలో ఆగి సిగ్గుపడింది.

"చూశావా" అంది కెహిండే తల్లితో. "ఇప్పుడు మాట వింటోంది."

ఆ మధ్యాహ్నమే పోయింది.

*

మొరౌంకే సిస్టర్ వచ్చింది. పిల్ల కళ్ళు మూసింది. తర్వాత గోడకి ఆనుకుంది.

"చావుని పెట్టెకి చెప్పాలి. పిల్లని తీసుకెళ్ళి వేలు పెట్టించి చెప్పాలి, లేకపోతే నా ఉద్యోగం పోతుంది" అంది.

"చెప్పు" అంది అబియోనా. ఆమె అప్పుడేదీ వినే స్థితిలో లేదు.

"చెప్తే ఆ రక్తం మూసేస్తుంది. ఇక ఆ రక్తానికి మందు రాదు, చచ్చినవాళ్ళకి మందెందుకని." సిస్టర్ చాప మీద రెండో వైపు చూపించింది. అక్కడ తాయే మోకాళ్ళు కౌగిలించుకుని కూచుంది. "అదీ ఆ రక్తమే."

అబియోనాకి అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. అర్థమయ్యాక లేచి తలుపు గడియ పెట్టింది.

ఏడవలేదు. ఏడిస్తే వీధి వింటుంది. రాజీ పెరట్లో అరటి చెట్ల వెనక గొయ్యి తవ్వాడు, జీవితంలో మొదటిసారి నోరు మెదపకుండా. ఎండకి ఊరంతా నిద్రపోయే వేళ పిల్లని దించారు. లసిసి ముసలాయన ఎలా పసిగట్టాడో, ఒక దుంగ చంకలో పెట్టుకుని దొడ్డిదారిన వచ్చి నించున్నాడు. అబియోనా అతన్ని చూసి, "ఎందుకొచ్చావు మామా? ఎవరూ పోలేదు" అంది. ముసలాయన దుంగ పట్టుకుని వెనక్కి తిరిగాడు. బొమ్మ చెక్కితే పోయినట్టు ఒప్పుకోవడమే.

సాయంత్రం కొట్టు తెరిచింది. వేలికి గుడ్డ చుట్టుకుని, అమలా కలిపింది. జనం వచ్చారు, తిన్నారు. ఎవరూ ఏమీ అడగలేదు, అంటే అందరికీ తెలుసన్నమాట. మా ఊళ్ళో కవలల్లో ఒకరు పోతే పోయారని అనరు, మిగిలినది వింటే బెంగపెట్టుకుంటుందని. లాగోస్ వెళ్ళింది అంటారు. ఆ వారమంతా బజార్లో కెహిండే లాగోస్ వెళ్ళిందనే అనుకున్నారు. అబియోనా పెట్టె దగ్గరికి తాయేని తీసుకెళ్ళింది, పొట్లం తీసుకుంది, సిస్టర్ పెట్టె మీద దుమ్ము తుడుస్తూ అటు తిరిగి నించుంది.

పొడిగాలి ఆగి మొదటి వాన పడ్డాక ఇబాడాన్ నుంచి మనిషి వచ్చాడు. అకిన్వాండే ఆయన పేరు. లావుగా, చెమటలు కక్కుతూ, భుజాన చిన్న పెట్టె ఒకటి వేలాడదీసుకుని వచ్చాడు. చెడ్డవాడు కాదు. కొట్టు ముందు బల్ల మీద కూచుని మొహం తుడుచుకుని చల్లగా నవ్వాడు.

"అమ్మా, మీ మొర పైన విన్నారు. అచ్చు పిల్లలకి ఇకనుంచి రక్తంతో పాటు వేలి గీతలు కూడా చూస్తాం. రక్తం ఒకటైనా గీతలు వేరు కదా. ఇద్దర్నీ పిలవండి, ఇక్కడే విడదీసేస్తాను. రేపట్నుంచి రెండు పొట్లాలు."

తెడ్డు ఆగింది. బజారంతా ఆగింది.

"ఇద్దరూ ఉండాలా?" అంది అబియోనా.

"ఇద్దరూ ఉంటేనే కదమ్మా ఎవరి గీతలు ఎవరివో తెలిసేది. పక్క ఊళ్ళో ఇలాగే వెళ్తే ఒకడు పోయాడన్నారు. ఎవరు పోయారో, ఎవరు ఉన్నారో విచారణలో తేలేదాకా ఆ రక్తం మూసేశారు. ఇంకా తేలలేదు." ఆయన గొంతు తగ్గించాడు. "మందు లేక రెండోవాడూ పోయాడు, ఇక తేల్చాల్సిన అవసరమూ లేదనుకోండి."

మిరపకాయలమ్మే షేగున్ తల్లి మంచికే పోయింది, అలవాటున నోరు జారింది. "కెహిండే లాగోస్ వెళ్ళింది బాబూ."

"లాగోస్‌లో ఎక్కడ? చెప్పండి, అక్కడి పెట్టె దగ్గరికి పంపిస్తాను" అని అకిన్వాండే హుషారుగా ముందుకు వంగాడు. షేగున్ తల్లి మిరపకాయల్లోకి తలదూర్చేసింది.

"లేదు" అంది అబియోనా. "కెహిండే అని ఎవరూ లేరు. నాకు ఒక్కతే."

"అమ్మా, మీరే కదా ఆఫీసుకొచ్చి..."

"అబద్ధం చెప్పాను. రెండో పొట్లం కోసం."

అకిన్వాండే కూడా మా మనిషే, మా భాషే, మా అన్నమే. వెనక నించున్న పిల్లని చూశాడు. "నీ పేరేంటమ్మా?"

"తాయే."

"పిల్లకి తాయే అని పేరు పెట్టుకుని రెండోది లేదంటావేంటమ్మా?" అన్నాడు, ఈసారి అధికారిలా కాదు. "తాయే వచ్చిందంటే వెనక ఒకరు ఉండాలి కదా."

అబియోనా అమలా ముద్ద ఆకులో చుడుతూ చెప్పింది. "ఉంది. దీన్ని ముందు పంపింది, రుచి చూడమని. ఇది చూసింది. బాగాలేదు, రావొద్దు అని కబురు పెట్టింది. అది రాలేదు."

తాయే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బజార్లో ఉన్న కవలలమ్మలందరూ ఒక్కసారిగా బేరాలు మొదలుపెట్టారు, కొనేవాళ్ళు లేకపోయినా, గట్టిగా, టమాటాలూ ఎండుచేపలూ అరుస్తూ. ఆ గోలలో ఎవరి గొంతు ఎందుకు వణికిందో ఎవరికీ తెలియకుండా పోయింది.

"నిజమేనా? ఈవిడకి ఒక్కతేనా?" అని అడిగాడు ఆయన చుట్టూ చూస్తూ.

"ఒక్కతే" అంది షేగున్ తల్లి. "ఒక్కతే" అన్నాడు రాజీ. వాడు చెప్పిన అబద్ధాలన్నిట్లో చిన్నది అదే, చెప్పడానికి చాలాసేపు పట్టింది.

"అయితే మోసం అని ఎక్కించాలమ్మా. మీకు రక్తపోటు మందు ఇస్తున్నట్టుంది, అది ఆగిపోతుంది. అమ్మాయిది ఆగదు."

"అమ్మాయిది ఆగదుగా?"

"ఆగదు."

"ఎక్కించు."

అబియోనాది ఇంకా మానక గుడ్డ చుట్టి ఉన్న వేలు కాకుండా రెండో చేతి వేలు పెట్టించుకుని, చిన్న పెట్టె చురుక్కుమని గుచ్చింది. పని అయిపోయింది. ఆయనకి లేచి వెళ్ళాలని ఉంది, వెళ్ళలేకపోతున్నాడు. కుండ వైపు చూశాడు. అబియోనా అడక్కుండానే ఆకు విప్పి ముద్ద పెట్టి, పైన పులుసు పోసి, చేప తీసుకుంది. అలవాటుగా మధ్యకి విరవబోయి, ఆగి, మొత్తం ఆయన పళ్ళెంలో వేసేసింది.

ఆయన తల ఎత్తకుండా తిన్నాడు. చాలా బాగుందన్నాడు. కాసేపయ్యాక, "ఇంకొంచెం పులుసు వెయ్యమ్మా" అన్నాడు.

వేసింది.